శుక్రవారం దాకా డ్యూటీ క్యాంపు, శనివారం గుడారం: రాయగడ, కోరాపుట్ టూర్లు చేసేవారికి

ఉత్తరాంధ్ర ఉద్యోగుల మాటల్లో క్యాంపు అంటే డ్యూటీ మీద ఊరెళ్లడం. మందుల కంపెనీల రెప్రజెంటేటివ్‌లు, ఆడిటర్లు, బ్యాంకు ఇన్‌స్పెక్షన్ వాళ్లు, ఎరువులూ సిమెంటూ అమ్మే సేల్స్ వాళ్లు నెలకోసారైనా దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టి వస్తుంటారు. శుక్రవారం పని ముగిసేసరికి తూర్పు కనుమలు కళ్లెదుటే ఉంటాయి. కొండమీద ఒక రాత్రి గుడారంలో గడిపి, ఆదివారం చీకటి పడకముందే ఇంటికి చేరి, సోమవారం ఇస్త్రీ చొక్కాతో ఆఫీసులో కూర్చోవడం సాధ్యమే. అయితే టూరు ప్రోగ్రాం రాసే రోజునే ఆ ఏర్పాటు మొదలుకావాలి.

ఆఖరి మజిలీ కొండకు దగ్గరగా, ఇంటివైపు దారిలో ఉండాలి. రాయగడ, జయపురం, కోరాపుట్ మూడూ చూడాల్సిన వారం అనుకుందాం. సోమవారం రాయగడలో మొదలుపెట్టండి. బుధ, గురువారాలు జయపురం, శుక్రవారం కోరాపుట్ లేదా సిమిలిగుడ. జయపురం నుంచి కోరాపుట్ ఇరవై పైచిలుకు కిలోమీటర్లే. సిమిలిగుడ నుంచి 26వ నంబరు జాతీయ రహదారి పొట్టంగి, సుంకి మీదుగా నేరుగా సాలూరుకి దిగుతుంది, మధ్యలోనే దేవమాలి శిఖరం. ఇదే టూరు తిరగేసి శుక్రవారం రాయగడలో ముగిస్తే దేవమాలికి వందకు పైగా కిలోమీటర్లు వెనక్కి వెళ్లాలి, శనివారం అంతా స్టీరింగు మీదే పోతుంది. గంజాం, గజపతి వైపు టూరైతే బరంపురంలో ముగించినవారికి సుమారు 50 కిలోమీటర్లలో తప్తపాణి గంధకపు వేడినీటి ఊట, ఆ పైన జిరంగ్ టిబెటన్ల ఊళ్లు ఉన్నాయి. పర్లాకిమిడిలో ముగించినవారికి మహేంద్రగిరి.

శుక్రవారం రాత్రి గుడారం వద్దు. డిసెంబరులో కోరాపుట్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఐదున్నరకి ఆఫీసు వదిలితే తెలియని కొండదారిలో చీకట్లో చోటు వెతకాలి. ఈ తరహా ప్రయాణాల్లో వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. ఆ రాత్రి లాడ్జిలోనే పడుకుని శనివారం ఆరింటికి బయలుదేరండి. సిమిలిగుడ దగ్గర కుందులిలో శుక్రవారం పెద్ద సంత జరుగుతుంది. పని కాస్త ముందే తెమిలితే అల్లం, టమాటా, బంగాళదుంప అక్కడే కొనుక్కోవచ్చు.

లెక్కలు వేరు, బండి వేరు

కంపెనీ బండిని సొంత తిరుగుడుకి వాడొద్దు. ప్రమాదం జరిగితే డ్యూటీలో లేరన్న ఒక్క మాట మీద క్లెయిము ఆగిపోవచ్చు. గ్రూప్ ఇన్సూరెన్స్ సెలవు రోజులకు వర్తిస్తుందో లేదో హెచ్ఆర్‌ని ఈమెయిల్‌లోనే అడిగి, జవాబు దాచుకోండి. సొంత బండి మీద కిలోమీటరు లెక్కన టీఏ (ప్రయాణ భత్యం) తీసుకునేవారు ఇలా చేయండి: శుక్రవారం సాయంత్రం ట్యాంకు ఫుల్ చేయించి బిల్లు తీసుకోండి, మీటరు రీడింగు ఫోటో తీయండి. అది ఆఫీసు బిల్లు. ఆదివారం దిగాక మళ్లీ ఫుల్ చేయించండి. అది మీ జేబు ఖర్చు. కొండ నుంచి ఇంటికి వచ్చిన దూరంలో ఆఫీసుకి చెందే భాగం ఉంటే, నేరుగా వచ్చినా అయ్యే కిలోమీటర్లు మాత్రమే రాయండి. శని, ఆదివారాల డీఏ (రోజువారీ భత్యం) రాయకండి. ఈ పద్ధతిలో ఉంటే తిరుగు ప్రయాణం రెండు రోజులు ఆలస్యమైనా అడిగేవాళ్లుండరు. టూరు ప్రోగ్రాంలోనే 'శని, ఆది సొంత పని, సోమవారం హాజరు' అని ఒక వాక్యం రాసేయడం ఇంకా మంచిది.

లాప్‌టాప్, ఆఫీసు ఫైళ్లు కొండమీదకి తీసుకెళ్లొద్దు. గుడారంలో రాత్రి పేరుకునే తేమ, పగలు మూసిన కారులో వేడి, రెండూ వాటికి చేటే. టూరు చివరి ఊళ్లో మీ బ్రాంచో డీలరో ఉంటే, అక్కడే బీరువాలో పెట్టించి ఆదివారం తీసుకోండి. అది ఇంటికెళ్లే దారిలో ఉంటేనే ఈ ఉపాయం పనికొస్తుంది. ఆఖరి మజిలీ దారిలో ఉండాలనడానికి ఇది మరో కారణం.

మూట ఎంత ఉండాలి

ఆఫీసు బట్టల బ్యాగు కాక క్యాంపింగ్ మూట 8 కిలోలు దాటనివ్వొద్దు. ఇద్దరికి సరిపోయే గుడారం 2 నుంచి 2.5 కిలోలు, స్లీపింగ్ బ్యాగు కిలోన్నర, కింద పరిచే ఫోం చాప అరకిలో లోపు. మిగిలింది గిన్నె, తలకి కట్టుకునే లైటు, ప్లాస్టిక్ పట్టా, 10 మీటర్ల నైలాన్ తాడు, మందుల పెట్టె. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్ అవర్లు, రెండు రాత్రులకు చాలు. విమానంలో వచ్చేవారు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి. గ్యాస్ క్యానిస్టర్లు, స్పిరిట్, కిరోసిన్ విమానంలోనే కాదు, రైల్లో కూడా నిషేధం. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లోకల్‌గా బైకు తీసుకునేవారు పొయ్యి ఆశ వదులుకుని వండనక్కర్లేని తిండితో వెళ్లాలి. క్యాంపింగ్ క్యానిస్టర్లు ఈ ఊళ్లలో దొరుకుతాయని నమ్ముకోవద్దు.

గుడారంతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు ఇక్కడి ఎర్ర గరప నేలలో రెండో దెబ్బకే వంగిపోతాయి. హార్డ్‌వేర్ కొట్లో ఆరంగుళాల ఇనప మేకులు పన్నెండు కొనండి. వాటిని నిటారుగా దించకుండా, తల గుడారానికి అవతలివైపు వాలేలా ఏటవాలుగా కొట్టండి. నిటారు మేకుని గాలి పైకి పీకేస్తుంది, వాలు మేకు ఎంత లాగితే అంత బిగుస్తుంది. రాతినేల అయితే తాడుని పెద్ద రాయికి చుట్టి, దానిమీద ఇంకో రాయి ఎత్తండి. కింద పరిచే పట్టా గుడారం అడుగుకంటే నాలుగు వైపులా రెండంగుళాలు చిన్నదిగా ఉండాలి, అంచులు లోపలికి మడవాలి. బయటికి పొడుచుకొస్తే వాననీరు దానిమీద పడి నేరుగా మీ వీపు కిందకి చేరుతుంది.

చలి లెక్క

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం. వాహనం దాదాపు పైదాకా వెళ్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనేది మోటు లెక్క. జనవరిలో విజయనగరంలో రాత్రి 18 డిగ్రీలుంటే పైన ఏడెనిమిది ఉంటుందనుకుని సిద్ధపడండి. శిఖరం గడ్డి మైదానం, ఒక్క చెట్టు అడ్డు లేదు, గాలి నేరుగా కొడుతుంది. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు 'కంఫర్ట్' అంకె 5 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉందా చూడండి. అట్టమీద పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు ప్రాణం నిలబడే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. పైన రెండు రగ్గులు కప్పుకుని కింద ఏమీ పరవకపోతే తెల్లవార్లూ నేల ఒంటి వేడిని లాగేస్తుంది. డబ్బు తక్కువైతే ముందు చాప కొనండి.

చలికి భయపడి గుడారం కిటికీలన్నీ మూసేస్తారు. ఇద్దరి ఊపిరి తేమ గుడ్డకి తగిలి నీటి చుక్కలై, తెల్లారేసరికి బట్టలు తడిసిపోతాయి. పైనొకటి, కిందొకటి గాలి దారి తెరిచే ఉంచండి. కుంపటి గానీ బొగ్గులు గానీ గుడారంలోకి, అద్దాలు మూసిన కారులోకి తేనే తేకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చోటు, అనుమతి

కొండ ఖాళీగా కనిపించినా ఎవరో ఒకరిది. అటవీ భూమి అయితే రేంజ్ ఆఫీసు అనుమతి కావాలి. ఊరి భూమి అయితే ఊరిపెద్ద నాయిక్‌నో వార్డు మెంబరునో అడగాలి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం బజార్లలో తెలుగు చెల్లుతుంది. కొండమీది ఊళ్లలో కువి, దేసియా వినిపిస్తాయి, అక్కడ ఒడియా ఒక్క ముక్క వచ్చినా మర్యాద దక్కుతుంది: 'ఎఠి రాతి రొహిపారిబు కి?' అంటే రాత్రికి ఇక్కడ ఉండొచ్చా అని. అడక్కుండా మనుషుల ఫోటోలు తీయకండి, ముఖ్యంగా సంతకొచ్చే బొండా, డొంగ్రియా కొంధు గిరిజన ఆడవాళ్లవి. నియమగిరి మీద గుడారం వేయాలన్న ఆలోచనే వద్దు. అది డొంగ్రియాలకు తమ దేవుడు నియమరాజు కొండ. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంటే పన్నెండుకి పన్నెండు సభలూ అక్కడ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఆ మాట విన్నవాళ్లం ఆ కొండకి దూరంగా ఉండటమే న్యాయం.

మొదటిసారి వెళ్లేవారికి ఎకోటూర్ ఒడిశా వెబ్‌సైట్లో అటవీశాఖ నేచర్ క్యాంపులే మేలు. మరుగుదొడ్డి, కాపలా ఉంటాయి. ఎక్కడున్నా దగ్గరి పోలీసు స్టేషన్లో బండి నంబరు, ఎంతమంది, ఎప్పుడు దిగుతారు అన్నది చెప్పి వెళ్లండి. మ్యాపు ముందే ఫోన్లోకి దించుకోండి. లోయల్లోకి దిగగానే సిగ్నల్ పోతుంది.

నదిపక్క ఇసుక మెత్తగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, రాత్రి పడకకి మాత్రం పనికిరాదు. మీ తలమీద చుక్క పడకపోయినా ఎగువన వాన కురిస్తే చాలు. 2017 జులైలో కల్యాణసింగ్‌పూర్ వైపు కుండపోతకి నాగావళి పొంగి రాయగడ జిల్లాలో రైలు వంతెననే కొట్టుకుపోయింది. కొలాబ్, మాచ్‌ఖండ్ లాంటి డ్యాముల దిగువన నీళ్లు వదిలే ప్రమాదం కూడా ఉంది. కొలాబ్ పక్కనున్న గుప్తేశ్వరం దర్శనానికి వెళ్లినవాళ్లు ఒడ్డున కూర్చోండి, నిద్రకి మాత్రం గట్టు మీదకి రండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఉరుములు మొదలైతే బోడి శిఖరం వెంటనే వదిలేయాలి. గుడారం పిడుగు నుంచి కాపాడదు, అద్దాలు మూసిన కారు కాపాడుతుంది. ఈ తిరుగుడుకి అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకానే అదను.

తిండి, నీళ్లు, జంతువులు

మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు కింది నుంచే మోసుకెళ్లండి. వాగు నీళ్లు తప్పనిసరైతే గుడ్డలో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం కాగనివ్వండి. దేవమాలి పైన నీరు దాదాపు 94, 95 డిగ్రీలకే మరిగిపోతుంది. అందుకే మూతలేని గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది, గ్యాసు మాత్రం అయిపోతుంది. ఉప్మా రవ్వ, అటుకులు, గుడ్లు తీసుకెళ్లండి. మొదటి పూటకి చింతపండు పులిహోర కట్టించుకుంటే పాడవదు. ఫిబ్రవరి తర్వాత గడ్డి ఎండి ఉంటుంది. మంట వేయొద్దు, స్టవ్ కూడా రాయి మీదే పెట్టండి.

గుణుపురం, కురుపాం, కొమరాడ పక్క ఏనుగులు తిరుగుతుంటాయి. అవి ఒడిశా లఖేరి అడవుల నుంచి వచ్చిన మంద. పొద్దుగూకాక వరిచేలు, అరటితోటల్లోకి దిగుతాయి. ఆ చుట్టుపక్కల గుడారం అసలే వద్దు. మహేంద్రగిరి కింద జీడితోటల వైపు ఎలుగుబంట్ల బెడద ఉంది. ఇప్పపూలు రాలే రోజుల్లో, జీడిపండ్లూ పనసపండ్లూ మాగే రోజుల్లో తెల్లవారుజామున ఒంటరిగా తోటల్లోకి వెళ్లకండి. ఉప్పు, బెల్లం, పండ్లు గుడారంలో పెట్టుకోకండి. కారుంటే డిక్కీలో పెట్టండి, బైకైతే తాడుతో మనిషికి అందనంత ఎత్తున, గుడారానికి దూరంగా చెట్టుకొమ్మకి వేలాడదీయండి.

దిగడం

ఆదివారం తొమ్మిదికల్లా గుడారం విప్పేయండి. పొగమంచు అప్పటికే విడిపోతుంది, సుంకి ఘాటీలో లారీల వెనక నెమ్మదిగా నడిచినా మధ్యాహ్నానికి సాలూరు చేరతారు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, సాధారణంగా రెండో గేరు. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే ఆధారపడితే ప్యాడ్లు వేడెక్కి, బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. కాలిన వాసన వస్తే పక్కకి ఆపి అరగంట చల్లారనివ్వండి. చక్రం మీద నీళ్లు కొట్టకండి, వేడి డిస్కు వంకర పోతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే కళ్లముందు తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. డిమ్ లైటులోనే నడపండి. ప్రమాదమైతే 108కో 112కో చేసినప్పుడు సరిహద్దు దగ్గర కాల్ పక్క రాష్ట్రానికి పోవచ్చు కాబట్టి ముందు రాష్ట్రం, జిల్లా పేరు చెప్పండి.

ఇంటికొచ్చాక గుడారాన్ని ఒక పూట నీడలో ఆరబెట్టి మడవండి. తడిగా చుట్టిపెడితే వారంలో బూజు పట్టి, లోపలి పూత జిగటగా ఊడిపోతుంది. ఈ జిల్లాల్లో ఫాల్సిపేరం మలేరియా ఇప్పటికీ ఉంది, దోమ కుట్టిన వారం పది రోజులకు గానీ జ్వరం రాదు. అంటే మీరు ఆఫీసులో పడి ఆ కొండని మరిచిపోయాక వస్తుంది. నెల లోపు జ్వరం తగిలితే పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. ఎక్కడెక్కడ పడుకున్నారో డాక్టరు గారికి మీరే చెప్పండి, గడ్డిలో తిరిగారని కూడా చెప్పండి. అప్పుడు ఆయన మలేరియాతో పాటు, గడ్డిలోని సన్న పురుగు కుట్టితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కోసం ఒంటిమీద నల్లటి మచ్చ ఉందేమో వెతుకుతారు.