ఎండీ, ఎంఎస్ సీటుకు దరఖాస్తు: నీట్ పీజీ ఫారం నుంచి కాలేజీలో చేరే రోజు దాకా

ఇంటర్న్‌షిప్ చేస్తున్న జూనియర్లు కలిసినప్పుడు మొదట అడిగేది ఏ టెస్ట్ సిరీస్ మంచిదని. ఫారం గురించీ సర్టిఫికెట్ల గురించీ అడిగేవాళ్లు తక్కువ. మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా ఓబీసీ పత్రం దగ్గర, కోరుకునే కాలేజీలు, బ్రాంచిల ఆప్షన్ల వరుస దగ్గర, అప్‌గ్రేడేషన్ (వచ్చిన సీటు నుంచి మెరుగైనదానికి మారడం) కావాలని ఇవ్వడం దగ్గర నష్టపోయినవాళ్లను నేను దగ్గరగా చూశాను. రెండేళ్లు చదివిన చదువు ఒక కాగితం వల్ల వృథా కాకూడదు. అందుకే పరీక్షకు ఎలా చదవాలన్నది పక్కన పెట్టి, దరఖాస్తు పని ఒక్కదాని గురించే రాస్తున్నాను.

ఏ పరీక్ష ఏ సీటుకు

ఎంబీబీఎస్ తర్వాత స్పెషలిస్టు కావాలంటే ముందున్న పెద్ద దారి నీట్ పీజీ. దీన్ని జాతీయ వైద్య పరీక్షల బోర్డు నిర్వహిస్తుంది. మూడేళ్ల ఎండీ, ఎంఎస్‌తో పాటు ఈ బోర్డే ఇచ్చే డీఎన్‌బీ (డిప్లొమేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్) సీట్లకూ ఈ ఒక్క ర్యాంకే ఆధారం. డీఎన్‌బీ అంటే కొందరు ఇప్పటికీ చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. ఎండీ, ఎంఎస్‌తో సమానమైన అర్హతగా దానికి గుర్తింపు ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో డీఎన్‌బీ చేసి చక్కగా చేయి తిరిగిన సర్జన్లు మన దగ్గర ఎంతోమంది ఉన్నారు. 2020లో బోర్డు రెండేళ్ల డిప్లొమాలు కూడా మొదలుపెట్టింది. మత్తు వైద్యం, గైనకాలజీ, పిల్లల వైద్యం, కంటి వైద్యం, ఈఎన్‌టీ, రేడియాలజీ వంటివి అందులో ఉన్నాయి. డిప్లొమా తర్వాత రెండేళ్ల డీఎన్‌బీకి వెళ్లే దారి కూడా ఉంది.

ఎయిమ్స్‌లు, పుదుచ్చేరి జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్‌హాన్స్ మాత్రం నీట్ పీజీ కిందకి రావు. వాటికి ఐఎన్ఐ సెట్ అనే వేరే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీ ఎయిమ్స్ దీన్ని జనవరి, జులై ప్రవేశాల కోసం ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కూడా ఇందులోవే కాబట్టి మనవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. దీని ఫారం రెండు దశల్లో ఉంటుంది. ముందు బేసిక్ రిజిస్ట్రేషన్ చేసుకుని, అది ఆమోదం పొందాక ఫైనల్ రిజిస్ట్రేషన్ పూర్తిచేయాలి. మొదటి దశతోనే పని అయిపోయిందనుకుని ఆగిపోయినవాళ్లు హాల్ టికెట్ రోజున కంగారు పడుతుంటారు.

ఫారం నింపే ముందు

ఎంబీబీఎస్ డిగ్రీ గానీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ గానీ ఉండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో శాశ్వత లేదా తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది ఇంటర్న్‌షిప్ ఆ ఏటి నోటిఫికేషన్‌లో చెప్పిన గడువులోపు పూర్తవ్వాలి. 2025లో ఆ గడువు జులై 31. సెలవులు ఎక్కువ వాడుకుని ఇంటర్న్‌షిప్ పొడిగింపు పడినవాళ్లు ఈ తేదీని ముందే లెక్క వేసుకోవాలి. ఒక్క రోజు దాటినా ఆ ఏడాదికి అర్హత ఉండదు. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు వాళ్ల కోసం పెట్టే అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈ పాసై ఉండాలి.

ఇక పేరు. మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో చివర ఉంటుంది. ఎంబీబీఎస్ పట్టాలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. నేను కాలేజీలో రిపోర్ట్ చేసిన రోజు, మూడు కాగితాల్లో నా పేరు మూడు రకాలుగా ఉందని పక్కన కూర్చోబెట్టారు. నోటరీ అఫిడవిట్ చేయించి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది. రిపోర్టింగ్ గడువుకు ఇంకొక్క రోజే మిగిలింది. ఆ రెండు రాత్రులు ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. కాబట్టి ఫారం తెరవకముందే అన్ని కాగితాలూ ముందేసుకుని పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచూసుకోండి. తేడా ఉంటే ఆధార్ ఇప్పుడే మార్పించుకోండి. మార్పు కుదరని చోటికి అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. నీట్ పీజీ ఫారంలో తప్పులు దిద్దుకోవడానికి ఎడిట్ విండో ఇస్తారు, కానీ పేరు, మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ లాంటివి అందులో మార్చుకోలేరు.

ఫోటో, సంతకం, వేలిముద్ర చెప్పిన కొలతల్లోనే అప్‌లోడ్ చేయాలి. అవి సరిగ్గా లేకపోతే సరిదిద్దమని మరో విండో ఇస్తారు. అప్పుడు కూడా స్పందించకపోతే దరఖాస్తే తిరస్కరణకు గురవుతుంది. 2025లో ఫీజు జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 3,500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 2,500 రూపాయలు.

రోజూ తెరిచే మెయిల్ ఐడీనే ఇవ్వండి. 2025 పరీక్ష మొదట జూన్ 15న జరగాల్సింది. అందరికీ ఒకే షిఫ్టులో పెట్టాలని మే 30న సుప్రీంకోర్టు ఆదేశించడంతో ఆగస్టు 3కు మారింది. పరీక్షా నగరాన్ని మళ్లీ ఎంచుకోవడానికి జూన్‌లో కొద్ది రోజులే సమయం ఇచ్చారు. అలాంటి కబురు మెయిల్‌లో పడి ఉంటే, మీరు దాన్ని వారం తర్వాత చూస్తే లాభం లేదు.

పరీక్షలో 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. సరైన జవాబుకు 4, తప్పుకు 1 కోత. ఐదు విభాగాలుగా విడగొట్టి ఒక్కోదానికి 42 నిమిషాలు ఇస్తున్నారు. ఆ సమయం అయ్యాక వెనక్కి వెళ్లే వీలుండదు.

అర్హత జనరల్, ఈడబ్ల్యూఎస్‌కు 50 పర్సంటైల్ (మార్కుల శాతం కాదు, రాసినవాళ్లలో ఎంత శాతం మంది కన్నా ముందున్నారన్నది), ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40. సీట్లు మిగిలిపోయినప్పుడు దీన్ని తగ్గిస్తుంటారు, 2023లో ఏకంగా సున్నాకు దించారు. అందుకని ఫలితం చూసి క్వాలిఫై కాలేదని కాగితాలన్నీ అటక మీద పెట్టేయకండి.

రెండు కౌన్సెలింగ్‌లు, రెండు దరఖాస్తులు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నీట్ పీజీ ఫారం పెట్టినంత మాత్రాన కౌన్సెలింగ్‌కు దరఖాస్తు చేసినట్టు కాదు.

ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు అఖిల భారత కోటా కిందకు పోతాయి. వాటిని ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. మనవాళ్లు ఎంసీసీ అనేది దీన్నే. డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు, డీఎన్‌బీ సీట్లు కూడా దీని చేతిలోనే ఉంటాయి. మిగిలిన సగం ప్రభుత్వ సీట్లనూ ప్రైవేటు కాలేజీల సీట్లనూ తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ భర్తీ చేస్తాయి. రెండింటికీ వేర్వేరుగా రిజిస్టర్ కావాలి. రాష్ట్రంలో కన్వీనర్ కోటాకూ మేనేజ్‌మెంట్ కోటాకూ నోటిఫికేషన్లు మళ్లీ వేర్వేరుగా వస్తాయి. ఒకదానికి పెట్టిన దరఖాస్తు రెండోదానికి పనికిరాదు.

ఎంసీసీలో అఖిల భారత కోటాకు రిజిస్ట్రేషన్ ఫీజు జనరల్ వాళ్లకు 1,000, రిజర్వుడు వర్గాలకు 500 రూపాయలు. తిరిగి వచ్చే డిపాజిట్ 25,000 లేదా 10,000. డీమ్డ్ యూనివర్సిటీలకు కూడా ఆప్షన్ పెట్టాలంటే 5,000 ఫీజు, 2 లక్షల డిపాజిట్ కట్టాలి. డిపాజిట్ ఏ ఖాతా నుంచి కడితే దానికే తిరిగి వస్తుంది. అందుకే నెట్ సెంటర్‌లో ఎవరిదో కార్డుతో కట్టకండి. మీ ఖాతా నుంచో, నాన్నగారి ఖాతా నుంచో కట్టండి.

రిజర్వేషన్ కాగితాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అని కాదు. మన బీసీ జాబితాలోని కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. ముందు అది చూసుకోండి. ఉంటే కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే కుటుంబం సంపన్న వర్గంలోకి రాదని చెప్పే పత్రం, వేరుగా తీసుకోవాలి. మీసేవలో వచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ చూపిస్తే ఎంసీసీ సీటు వచ్చిన కాలేజీలో ఒప్పుకోరు. ఈడబ్ల్యూఎస్ పత్రం నోటిఫికేషన్ చెప్పిన ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలి, పాతది చెల్లదు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది కాబట్టి, ఏ గ్రూపు అన్నది తెలిసేలా కొత్త పత్రం దగ్గర ఉంచుకోవడం మేలు. ఎమ్మార్వో ఆఫీసులో వారం పట్టే పని కౌన్సెలింగ్ మొదలయ్యాక రెండు రోజుల్లో అవ్వాలంటే అవ్వదు. ఫలితాలకు ముందే అన్నీ తీసి పెట్టుకోండి.

స్థానికత సంగతి రెండు రాష్ట్రాల్లోనూ కోర్టుల దాకా వెళ్లిన విషయం. పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. మన దగ్గర రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద స్థానికత మీద రాష్ట్రపతి ఉత్తర్వులు ఉండటంతో లెక్క వేరే. పోయినేడు సీనియర్ ఏం చేశాడో అడగడం కంటే, ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్థానిక అభ్యర్థి నిర్వచనం చదవండి. స్కూలు నుంచి ఎంబీబీఎస్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ప్రభుత్వ సర్వీసులో ఉన్న పీహెచ్‌సీ డాక్టర్లకు రాష్ట్రంలో ఇన్ సర్వీస్ కోటా ఉంది, దానికి సర్వీసు ధ్రువీకరణ అదనం.

ఆప్షన్లు పెట్టేటప్పుడు

ఆప్షన్ల వరుస మీ ఇష్టం ప్రకారమే ఉండాలి, మీ ర్యాంకు ప్రకారం కాదు. పైన పెట్టిన సీటు రాకపోతే నష్టం ఏమీ లేదు, కంప్యూటర్ కిందిదానికి వెళుతుంది. కానీ వచ్చే సీటు ఇదేలే అని ఊహించి దాన్నే పైన పెడితే, అంతకన్నా మంచిది మీ ర్యాంకుకు దొరికినా మీకు రాదు. నాకు తెలిసిన ఒక అమ్మాయి పిల్లల వైద్యం చేయాలని కలలు కని, రాదేమోనన్న భయంతో దాన్ని ఇరవయ్యో ఆప్షన్‌గా పెట్టింది. తనకన్నా వెనక ర్యాంకు వాళ్లకు అదే కాలేజీలో అదే సీటు వచ్చింది.

రేడియాలజీ, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ అందరూ కోరుకుంటారు కాబట్టి మీరూ కోరుకోవాలని లేదు. గుండె, కిడ్నీ, నరాల సూపర్ స్పెషాలిటీ మనసులో ఉంటే జనరల్ మెడిసిన్ ప్రధానమైన దారి. యూరాలజీ, న్యూరోసర్జరీ వైపు చూస్తుంటే జనరల్ సర్జరీ కావాలి. తర్వాత సూపర్ స్పెషాలిటీ కోసం రాసే నీట్ ఎస్ఎస్‌లో మీరు ఏ గ్రూపు పేపరు రాయగలరో ఇప్పుడు తీసుకునే బ్రాంచే తేలుస్తుంది. కాలేజీ ఎంచుకునే ముందు అక్కడ చదువుతున్న పీజీలకు ఫోన్ చేయండి. వారానికి ఎన్ని కేసులు మీ చేతికి ఇస్తారు, స్టైపెండ్ నెలనెలా పడుతుందా, డ్యూటీ తర్వాత నిద్రపోనిస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. మూడేళ్లు ఉండాల్సిన చోటు అది.

మొదటి రౌండులో వచ్చిన సీటులో చేరకపోయినా డిపాజిట్ పోదు. చేరితే మాత్రం అక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: అప్‌గ్రేడేషన్ కావాలా అని. కావాలంటే రెండో రౌండులో పై ఆప్షన్ దొరకగానే పాత సీటు దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి రాదు. కాబట్టి రెండో రౌండు ఆప్షన్లలో ఇప్పుడున్న సీటుకన్నా నిజంగా ఇష్టమైనవే ఉంచి మిగతావి తీసేయాలి. రెండో రౌండులో వచ్చింది వదిలేస్తే డిపాజిట్ పోతుంది. మూడో రౌండుకు వచ్చేసరికి ఇంకా కఠినం, చేరాక వదిలి వెళ్లే వీలుండదు. చేరి తీరతాననుకున్న సీట్లే అక్కడ పెట్టండి.

చేరే రోజున

ఎలాట్‌మెంట్ లెటర్, అడ్మిట్ కార్డు, స్కోర్ కార్డు, ఎంబీబీఎస్ మార్కుల మెమోలు, పట్టా, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పదో తరగతి మెమో, కుల, ఆదాయ పత్రాలు ఒరిజినల్స్ పట్టుకెళ్లాలి. మూడు సెట్ల జిరాక్సులు చేయించండి. వాటిని అప్పగించే ముందు అన్నింటినీ స్కాన్ చేసి పెట్టుకోండి. ఒరిజినల్స్ కాలేజీలో ఉండిపోతాయి, మరో కౌన్సెలింగ్‌కు కావాలంటే చేతిలో ఏమీ మిగలవు. చదువయ్యాక సేవ చేస్తానని రాసిచ్చే బాండ్ కాగితం మీద సంతకం చేసే ముందు సేవ ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న రెండు లైన్లు మీరూ, వెంట వచ్చిన అమ్మానాన్నలూ చదవండి. గుమస్తా తొందరపెట్టినా పది నిమిషాలు అడగండి. అది మీ హక్కు.

చేరాక మూడేళ్లలో మూడు నెలలు జిల్లా రెసిడెన్సీ కింద జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఇక ఎండీ, ఎంఎస్ పాసయ్యాక మిగిలే దరఖాస్తు ఒకటుంది. మెడికల్ కౌన్సిల్‌లో కొత్త డిగ్రీని అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. సీనియర్ రెసిడెన్సీ హడావుడిలో పడి చాలామంది దీన్ని నెలల తరబడి వాయిదా వేస్తారు. ప్రభుత్వ నియామకాల నోటిఫికేషన్ వచ్చాక కౌన్సిల్ ఆఫీసుకు పరుగెత్తుతారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే దాన్ని పెట్టేయండి.