తొమ్మిదో ప్రశ్నకి ‘అవును’ వస్తే? ఫీల్డ్‌కి వెళ్లే ముందు కొన్ని జాగ్రత్తలు

సంక్రాంతి దాటిందంటే ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ, సోషియాలజీ ఫైనలియర్ వాళ్లందరికీ డిసర్టేషన్ టెన్షన్ మొదలు. ఈమధ్య చాలామంది డిప్రెషన్, ఈటింగ్ డిజార్డర్స్, సెల్ఫ్ హార్మ్ లాంటి టాపిక్‌లు తీసుకుంటున్నారు. తీసుకోండి, మంచిదే. నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దవాళ్లతో మాట్లాడారు, ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. అంటే మీరు చేసే వందమంది స్టడీకి కూడా విలువుంది. శాంపుల్ ఎంత, ఏ టెస్టు వాడాలి అన్నవి మీ గైడ్ చూసుకుంటారు. నేను చెప్పేది ఆ చాప్టర్లలో రాని సంగతులు.

ముందు నా తప్పు చెప్తాను. కొత్తగా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరినప్పుడు ఒక గర్ల్స్ హాస్టల్‌లో పీహెచ్‌క్యూ-9 ఫారాలు పంచాం. డిప్రెషన్ చూడటానికి అందరూ వాడే తొమ్మిది ప్రశ్నల కాగితమే అది. నలభై ఫారాలు వచ్చాయి, రబ్బర్ బ్యాండ్ వేసి బ్యాగులో పడేసి, పండక్కి ఊరెళ్లి, తిరిగొచ్చి తొమ్మిదో రోజున తీరిగ్గా ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నాను. ఒక ఫారంలో ఆఖరి ప్రశ్న దగ్గర, చచ్చిపోతే బాగుండు అనిపించడం, తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి అడిగే ప్రశ్న అది, ‘దాదాపు ప్రతిరోజూ’ అన్న గడిలో టిక్కు ఉంది. పెట్టి, కొట్టేసి, మళ్లీ పక్కనే పెట్టింది. పెన్ను ఎంత నొక్కిందంటే కాగితం వెనక వేలితో తడిమితే తెలుస్తోంది. పేర్లు రాయించుకోలేదు మరి, గోప్యత పాటించామని మాలో మేం మురిసిపోయాం కూడా. నలభై మందిలో ఎవరని వెతకాలి? మర్నాడు ఒక కౌన్సెలర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి నలభై మందితోనూ విడివిడిగా మాట్లాడాం. ఆ పిల్ల ఎవరో మాకు తెలియలేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇదే: ఫారం చేతికొచ్చిన చోటే, ఆ మనిషి ఎదురుగా ఉండగానే ఆ ప్రశ్న చూడాలి. పేరు బదులు నంబరు వేయండి, ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం వేరేగా, తాళం వేసి పెట్టుకోండి. ఫారం వెనక్కిచ్చేటప్పుడు ఒక్క నిమిషం చూసుకునేలా గుంపును చిన్నది చేసుకోండి. నలభై మందికి ఒకేసారి పంచితే ఒక్కటీ చూడలేరు, నేను చూడలేదు.

కొందరు గైడ్‌లు ఆ ప్రశ్న తీసేయమంటారు, ‘అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుంది’ అని. ఈ భయం పాతది. 2005లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేలకు పైగా హైస్కూల్ పిల్లల మీద దీన్నే పరీక్షించి చూశారు. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లలకీ అడగని పిల్లలకీ మధ్య బాధలో గానీ అలాంటి ఆలోచనల్లో గానీ పెరుగుదల కనపడలేదు. అడగడం వల్ల వచ్చే ప్రమాదం కన్నా, అడిగి, జవాబు విని, థాంక్స్ చెప్పి బ్యాగు సర్దుకుని వెళ్లిపోవడంలో ప్రమాదం ఎక్కువ అని నా నమ్మకం. ‘అవును’ వస్తే ఏం చేయాలో తెలియనివాళ్లు మాత్రం నిజంగానే ఆ ప్రశ్న అడగకపోవడం మేలు.

ఏం చేయాలంటే, ప్రశ్నలు అక్కడితో ఆపేయండి. పెన్ను కింద పెట్టండి. ‘మీరు రాసింది చూశాను, ఇవాళ కూడా అలాగే ఉందా?’ అని మామూలు గొంతుతో అడగండి. ‘ఛ, అలా అనుకోకూడదు, పిల్లల మొహం చూసి బతకాలి’ లాంటి మాటలు మన నోటికి అలవాటు, అవి రాకుండా చూసుకోండి. ఎలా చేద్దామనుకున్నారు, ఎక్కడ గాయం చేసుకున్నారు అంటూ మీ స్టడీ కోసం వివరాలు తవ్వకండి, మచ్చలు చూపించమనకండి, ఫొటోలు అసలు వద్దు. ‘ఇవాళ కూడా ఉంది’ అంటే ఒంటరిగా వదిలి రావద్దు. తనకి నమ్మకమైనవాళ్లు ఎవరో తననే అడిగి వాళ్లని పిలిపించండి, అక్కడి నుంచే ఫోన్ కలపండి. టెలి మానస్ నంబరు 14416, కేంద్ర ప్రభుత్వానిదే, 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫీల్డ్‌కి వెళ్లే ముందే మీరొకసారి ఆ నంబరుకి చేసి చూడండి, ఎంతసేపట్లో ఎత్తుతారో, ఏ నొక్కు నొక్కితే తెలుగు వస్తుందో తెలిసి ఉండాలి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కూడా మీరే స్వయంగా వెళ్లి కనుక్కోండి. గోడ మీద బోర్డు ఉంటుంది, డాక్టరుగారు వేరే రోజు వస్తారు.

అన్నట్టు, నోరు జారి ‘ఎర్రగడ్డకు వెళ్లండి’ అనొద్దు. అక్కడి మానసిక వైద్యశాలలో మంచి డాక్టర్లే ఉన్నారు, కానీ మన జనం నోట్లో ఆ ఊరి పేరు తిట్టు. ‘నిద్ర పట్టట్లేదు, గుండె దడగా ఉంటోంది అన్నారు కదా, దానికి చూసే డాక్టరు ఫలానా చోట ఉన్నారు’ అంటే వెళ్తారు.

‘మీరు చెప్పింది ఎవరికీ చెప్పం’ అని కన్సెంట్ ఫారంలో రాసేస్తారు చాలామంది. అలా రాయకండి. ప్రాణానికి ముప్పుంటే చెప్పాల్సి వస్తుంది. 18 నిండని పిల్లలు తమ మీద లైంగిక దాడి జరిగిందని మీతో చెప్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం మీ బాధ్యత, చెప్పకపోతే నేరం. ఈ రెండూ ముందే, ప్రశ్నలు మొదలవకముందే వాళ్లకి చెప్పండి. అలాగే ‘పోలీసు కేసవుతుందేమో’ అని ఆత్మహత్యాయత్నం సంగతి దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటివాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది, శిక్షించకూడదంటుంది. ఈ మాట చెప్పగానే ఊపిరి పీల్చుకున్నవాళ్లని చూశాను.

కాలేజీ హాస్టల్‌లో అయితే ప్రిన్సిపాల్ సంతకం చాలనుకుంటారు. చాలదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో మైనర్లకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, దానితో పాటు ఆ పిల్లల ఒప్పుకోలూ కావాలి.

ఊళ్లల్లో ఇంకో తంటా. మీరు ఇంట్లో అడుగు పెట్టగానే కుర్చీ వేస్తారు, టీ పెడతారు, అత్తగారు గడప మీద కూర్చుంటుంది, పక్కింటావిడ వస్తుంది, తీసుకొచ్చిన ఆశా కార్యకర్త కదలదు. ‘ఏ పథకం అమ్మా ఇది?’ అని అడుగుతారు, వేలిముద్ర అనగానే బ్యాంకు అప్పేమో అని భయపడతారు. ఆ గుంపులో ‘మీకు బతకాలని లేదా?’ అని అడిగితే ఏం చెప్తుంది ఆ కోడలు? చెప్పినా ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమవుతుంది? ఇద్దరు వెళ్లండి. ఒకరు అత్తగారిని కూర్చోబెట్టి బీపీ, మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతుంటే రెండోవాళ్లు కోడలితో బావి దగ్గరో, పెరట్లోనో మాట్లాడొచ్చు. వీలు దొరక్కపోతే ఆ ఫారం వదిలేసి వచ్చేయండి, శాంపుల్ ఒకటి తగ్గితే కొంప మునగదు.

ఈటింగ్ డిజార్డర్స్, అంటే తిండికి సంబంధించిన మానసిక సమస్యల మీద స్టడీ చేసేవాళ్లకి అనువాదంలోనే సగం ప్రమాదం ఉంది. స్కాఫ్ అని ఐదు ప్రశ్నలది ఒకటుంది, బ్రిటన్‌లో 1999లో వచ్చింది, అందులో మూడు నెలల్లో ఒక ‘స్టోన్’ బరువు తగ్గారా అని ఉంటుంది. అంటే ఆరు కిలోల పైచిలుకు. మా జూనియర్ ఒకడు దాన్ని ‘ఒక రాయి బరువు’ అని రాసుకొచ్చాడు, ఫారాలు ప్రింటయ్యాక చూశాం. ఈఏటీ-26 అని తిండి అలవాట్ల మీదే ఇంకో ఫారం, అందులో ‘ఆకలేసినా తినకుండా ఉంటాను’ అనే వాక్యం ఉంది. కార్తీక మాసంలో వెళ్లి మన ఆడవాళ్లని అడగండి, నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లు ‘ఎప్పుడూ’ అని టిక్కు పెడతారు. రంజాన్ నెలలోనూ అంతే. ఇక అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే ఆవిడ ఏం టిక్కు పెట్టాలి? అలాగని ‘మన దగ్గర అందరూ ఒక్కపొద్దులుంటారులే’ అని కొట్టిపారేయనూ కూడదు. శనివారం ఒక్కపొద్దు మెల్లగా గురువారానికీ, సోమవారానికీ పాకి, ఇంట్లో ఎవరూ అడగని ముసుగైపోవచ్చు. నేనైతే ఒక ప్రశ్న అదనంగా వేస్తాను, ‘పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చుంటే మీకెలా ఉంటుంది?’ అని. భక్తితో మానేసేవాళ్లు ఆ రోజు హాయిగా తింటారు. భయంతో మానేసేవాళ్లకి ఆ విస్తరి తలుచుకుంటేనే మొహం మారుతుంది. తూకం మిషన్ మాత్రం పదిమంది ముందు తీయకండి. ‘చిక్కిపోయావే’, ‘ఒళ్లు చేశావే’ అని పలకరింపుకి అనేస్తాం మనం, అదీ వద్దు.

ఇంకో మాట, సెల్ఫ్ హార్మ్‌కి ‘స్వీయహాని’ అని ముద్దుగా రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘బాధ తట్టుకోలేక మీకు మీరే దెబ్బ తగిలించుకోవడం’ అనండి.

రోజులు కూడా చూసుకోండి. ఇంటర్ పరీక్షల నెలలోనూ, ఫలితాలొచ్చే వారంలోనూ పిల్లల దగ్గరికి ఈ ఫారాలతో వెళ్లకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. అలాంటి వారంలో ఊళ్లోకి కొత్తగా వచ్చి చావు గురించి అడిగేవాళ్లు ఎవరికీ అక్కర్లేదు.

ఫోన్‌లో రికార్డ్ చేస్తే బ్యాకప్ ఆపేసుకోండి, వాట్సాప్‌లో గైడ్‌కి పంపకండి. రిపోర్టులో ‘ఫలానా మండలం, 24 ఏళ్లు, టైలరింగ్, ఇద్దరు పిల్లలు’ అని రాస్తే పేరు రాసినట్టే, ఆ మండలంలో అందరూ గుర్తుపడతారు. ఇక మీ సంగతి: ట్రాన్స్‌క్రిప్షన్ (రికార్డింగ్ విని రాసుకోవడం) రాత్రిపూట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే చేయకండి. రోజుకి ఒకటి, అదీ పగలు. అన్నం సహించట్లేదన్నా, అదే గొంతు చెవిలో తిరుగుతోందన్నా గైడ్‌తో చెప్పండి, సిగ్గుపడేదేం లేదు. 14416 మీక్కూడా పని చేస్తుంది.

ఆఖరిగా చీటీ. అరచేతిలో పట్టేంత కాగితం, దాని మీద ‘మానసిక’ అన్న మాట ఎక్కడా ఉండకూడదు. 108, మహిళలకి 181, పిల్లలకి 1098, వాటి మధ్యలో 14416. అప్పుడు ఆ కోడలి కొంగులో ఎవరికి దొరికినా అంబులెన్స్ నంబర్ల చీటీ అనుకుంటారు. ‘అవును’ అన్నవాళ్లకే ఇస్తే ఎవరన్నారో ఊరంతా తెలిసిపోతుంది, అందుకని అందరికీ ఇవ్వండి. వంద ఫారాలకి నూటయాభై చీటీలు కొట్టించుకోండి, పక్కింటావిడ కూడా ఒకటి అడుగుతుంది.