ట్రైలర్ కుషన్లు కుంగిపోతుంటే: నా అనుభవం

మాది చిన్న ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకునే బండి. టేబుల్ దించి సీటు కుషన్లు పరిస్తే మంచమవుతుంది. అర్ధరాత్రికి తుంటి ప్లైవుడ్‌కి తగిలేది, కుషన్ల మధ్య సందు విచ్చుకునేది. పైన బొంత, గాలి పరుపు, పాత ఫోమ్ తిరగేయడం: ఏదీ పనిచేయలేదు.

పని చేసింది ఇది. ముందుగా సీటు కొలతకి అట్టముక్క కత్తిరించాను. ట్రైలర్ గోడలు మూలమట్టానికి ఉండవు, టేపు కొలతని నమ్మొద్దు. కింద 3 అంగుళాల 40 డెన్సిటీ (ఘనపు మీటరుకి 40 కిలోల బరువుండే) ఫోమ్, పైన 1 అంగుళం మెత్తటిది, స్ప్రే గమ్‌తో అతికించాను. అసలు కిటుకు కోతలో ఉంది: పొడవు, వెడల్పు రెండూ కవరు కన్నా అర అంగుళం ఎక్కువ. సరిగ్గా కవరు కొలతకే కోస్తే నెల తిరిగేసరికి కవరు ముడతలు పడి, మళ్లీ సందులొస్తాయి.

అంత ఫోమ్ కవర్లోకి దూరదు కదా! పైన, ముందు అంచుకి పాలియెస్టర్ దూది పొర చుట్టి, పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగేశాను. అప్పడంలా అణిగింది. కవర్లోకి జార్చి, మూలలు సర్ది, సంచి చింపి లాగేశాక జిప్ వేశాను. సంచి లోపలే వదిలేస్తే చెమట పడుతుంది. కుషన్ల కింద జారకుండా రబ్బరు జాలీ.

70 కిలోల లోపు వాళ్లకి ఇది సరిపోతోంది. అంతకన్నా బరువుంటే కింది పొర 4 అంగుళాలు కావాలేమో. చలిప్రాంతాల్లో ప్లైవుడ్ అడుగున తడి చేరితే అది వేరే సమస్య, దానికి గాలి ఆడే చిల్లులు పెట్టాలి.