సిడ్నీలో ఓపల్ కార్డు: ఎక్కడ కొనాలి, డబ్బులు ఎక్కడ వేయించాలి?

అమ్మానాన్న తొలిసారి సిడ్నీ వచ్చిన నాలుగో రోజు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా నాన్న ఫోన్. "తల్లీ, స్టేషన్‌కొచ్చాం. ఈ మిషను కార్డు ఇవ్వట్లేదే! నన్నే కార్డు పెట్టమంటోంది." పక్కనుంచి అమ్మ గొంతు: "ఎవరినైనా అడగండంటే వినరు కదా."

తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. హైదరాబాద్ మెట్రోలో స్టేషన్ కౌంటర్‌కి వెళ్లి అడిగితే స్మార్ట్ కార్డు చేతికిస్తారు. ఇక్కడా అలాగే ఉంటుందని నాన్న అనుకున్నారు. సిడ్నీలో ట్రైన్లు, బస్సులకి వాడే స్మార్ట్ కార్డు పేరు ఓపల్, దాన్ని అమ్మేది షాపులవాళ్లు. స్టేషన్లో ఉండే మిషన్లు ఆల్రెడీ మన దగ్గరున్న కార్డులో డబ్బులు వేస్తాయి, లేదంటే ఒక్క ప్రయాణానికి టికెట్ ఇస్తాయి. కొత్త కార్డు మాత్రం ఇవ్వవు. ఆ రోజు నాన్నవాళ్లు సింగిల్ టికెట్లే తీసుకుని వెళ్లొచ్చారు. వాటి ధర కార్డు మీద పడే ఛార్జీ కంటే ఎక్కువ.

కొత్తగా వచ్చే స్టూడెంట్లు, పిల్లల్ని చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ ఇక్కడే తడబడతారు. అందుకే వరసగా రాస్తున్నాను.

1. అసలు మీకు కార్డు కావాలా?

ముందు ఇది తేల్చుకోండి. సిడ్నీ ట్రైన్లు, మెట్రో, బస్సులు, ఫెర్రీలు, లైట్ రైల్ అన్నింట్లోనూ వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ బ్యాంకు కార్డుని నేరుగా రీడర్ (కార్డు ఆనించే మిషను) మీద పెట్టి వెళ్లిపోవచ్చు. ఫోన్లో ఉన్న కార్డయినా సరే. పెద్దవాళ్లకి పడే ఛార్జీ ఓపల్ కార్డుతో ఎంతో దీనితోనూ అంతే. ఇక్కడ ఉద్యోగం చేస్తూ ఇక్కడి బ్యాంకు కార్డు ఉన్నవాళ్లు ఓపల్ కోసం షాపులు వెతకాల్సిన పనే లేదు.

అయితే ఇండియా నుంచి వచ్చినవాళ్ల సంగతి వేరు. చాలామంది పెద్దవాళ్ల దగ్గర ఉండేది రూపే డెబిట్ కార్డు. ఇక్కడి రీడర్లు తీసుకునే కార్డుల్లో రూపే లేదు. వీసా కార్డే ఉన్నా, విదేశీ లావాదేవీ అని మన బ్యాంకులు ఎంతోకొంత వడ్డిస్తాయి. పైగా ఒక కార్డు మీద ఒక్క మనిషే వెళ్లాలి. నాన్న కార్డుతో అమ్మ కూడా లోపలికి వెళ్లడం కుదరదు. పిల్లలుంటే వాళ్లకి బ్యాంకు కార్డుతో పెద్దల ఛార్జీ పడుతుంది. వీటిలో ఏ ఒక్కటి వర్తించినా ఓపల్ కార్డు తీసుకోవడమే మేలు.

2. ఏ కార్డు అడగాలి?

షాపులో దొరికేవి రెండే రకాలు. నల్ల కార్డు పెద్దవాళ్లకి. ఆకుపచ్చ కార్డు 4 నుంచి 15 ఏళ్ల పిల్లలకి. నాలుగేళ్ల లోపు పిల్లలకి టికెట్టే లేదు.

గోల్డ్ కార్డు గురించి ప్రతి ఇంట్లోనూ ఒక చర్చ నడుస్తుంది. "మాకు అరవై దాటాయిగా, సీనియర్ సిటిజన్ రాయితీ ఉంటుందిగా?" అని. అది ఇక్కడి సీనియర్స్ కార్డు, పెన్షన్ ఉన్నవాళ్ల కోసం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి రాదు. స్టూడెంట్ల కన్సెషన్ కార్డు కూడా షాపులో అమ్మరు, ఆన్‌లైన్లో అప్లై చేసుకోవాలి. పూర్తి ఫీజు కట్టి చదివే అంతర్జాతీయ విద్యార్థులకి మామూలుగా అది వర్తించదు. యూనివర్సిటీ ఐడీ చేతిలో ఉంది కదా అని సగం ఛార్జీ కార్డు ఎక్కడో సంపాదించి వాడకండి. చెకింగ్‌లో దొరికితే ఫైన్ 200 డాలర్లు.

3. షాపు ఎక్కడుందో కనుక్కోవడం

ట్రాన్స్‌పోర్ట్ ఫర్ ఎన్‌ఎస్‌డబ్ల్యూ (ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ) వెబ్‌సైట్‌లో ఓపల్ రిటైలర్ల మ్యాప్ ఉంటుంది. అందులో మీ సబర్బ్ పేరో, పోస్ట్‌కోడో కొట్టండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, పెండిల్ హిల్ మూడింటికీ 2145 ఒక్కటే. పరమాటా, హారిస్ పార్క్ అయితే 2150. కొట్టగానే దగ్గర్లో ఉన్న షాపులు మ్యాప్ మీద చుక్కల్లా కనిపిస్తాయి.

మ్యాప్ లేకపోయినా ఫర్వాలేదు. వుల్‌వర్త్స్ సూపర్‌మార్కెట్లు, సెవెన్ ఎలెవెన్ షాపులు, న్యూస్ ఏజెన్సీలు (మన పేపర్ల షాపుల్లాంటివి, లాటరీ టికెట్లు కూడా అమ్ముతారు), కొన్ని చిన్న కిరాణా షాపుల్లో దొరుకుతుంది. షాపు అద్దం మీదో, తలుపు పక్కనో ఓపల్ గుర్తు అతికించి ఉంటుంది. అది ఉందో లేదో చూసి లోపలికి వెళ్లండి. ఒక బ్రాంచ్‌లో ఉంది కదా అని అదే పేరున్న ప్రతి షాపులో ఉంటుందన్న గ్యారంటీ లేదు.

నా మటుకు నాకు న్యూస్ ఏజెన్సీలే సులువు. సూపర్‌మార్కెట్లో అయితే బిల్లింగ్ లైన్లో నిలబడి, మన వంతు వచ్చాక "సర్వీస్ డెస్క్‌కి వెళ్లండి" అనిపించుకోవాల్సి రావచ్చు. నేరుగా సర్వీస్ డెస్క్ దగ్గరికే వెళ్లిపోండి. న్యూస్ ఏజెన్సీలో కౌంటర్ వెనక ఒక్క మనిషే ఉంటారు, మాటామంతీ అయ్యేలోగా పని అయిపోతుంది. కాకపోతే అవి సాయంత్రం తొందరగా మూసేస్తారు, ఆదివారం కొన్ని తెరవనే తెరవరు. రాత్రిపూట అవసరమొస్తే సెవెన్ ఎలెవెనే గతి.

బస్సు డ్రైవర్ దగ్గర కార్డు దొరకదు, డబ్బులూ వేయరు. బస్సెక్కాక అడగడం వల్ల ఇద్దరికీ ఇబ్బంది తప్ప లాభం లేదు.

4. కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

"టూ అడల్ట్ ఓపల్ కార్డ్స్, ట్వంటీ డాలర్స్ ఈచ్" అంటే చాలు. కార్డుకి విడిగా డబ్బు తీసుకోరు. కార్డు ఫ్రీ, అందులో వేయించే మొత్తానికే చెల్లిస్తాం. పెద్దల కార్డులో కనీసం 10 డాలర్లు, పిల్లల కార్డులో కనీసం 5 డాలర్లు వేయించాలి. షాపతను కార్డుని మిషను మీద పెట్టి డబ్బులు వేసి ఇస్తాడు. అక్కడినుంచే నేరుగా స్టేషన్‌కి వెళ్లిపోవచ్చు.

రసీదు తీసుకుని, కనీసం ఆ రోజుకైనా దాచుకోండి. ఓసారి నేను నలభై వేయమంటే ఇరవైతో సరిపెట్టారు. బయటికి వచ్చాక రీడర్ మీద బ్యాలెన్స్ చూస్తే తెలిసింది. చేతిలో రసీదు ఉండబట్టి వెనక్కి వెళ్లి సరిచేయించుకోగలిగాను. కొన్ని షాపుల్లో కార్డుతో చెల్లిస్తే కొంచెం అదనంగా పడుతుంది, కొన్నిచోట్ల చిన్న మొత్తాలకి క్యాషే అడుగుతారు. జేబులో ఒక ఇరవై డాలర్ల నోటు ఉంటే మంచిది.

మొదటిసారి ఎంత వేయించాలి? నేనైతే పెద్దవాళ్లకి 20 చాలంటాను. వారం అంతా ఎంత తిరిగినా పెద్దల కార్డు మీద 50 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది, అది దాటాక ఆ వారంలో ఇక పడదు. ఆ వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. శుక్ర, శని, ఆదివారాల్లో రోజు పరిమితి కూడా బాగా తక్కువ. ఊరు చూపించే ప్లాన్లు ఆ మూడు రోజులకి పెట్టుకుంటే కలిసొస్తుంది. ఈ పరిమితులకి ఎయిర్‌పోర్టు స్టేషన్ ఫీజు మాత్రం లొంగదు, అది విడిగా పడుతుంది. దాని కథ కింద చెబుతాను.

5. డబ్బులు అయిపోతే

రీడర్ మీద కార్డు పెట్టిన ప్రతిసారీ చిన్న తెర మీద బ్యాలెన్స్ కనిపిస్తుంది. మనవాళ్లు ఆ "టింగ్" వినగానే కదిలిపోతారు, తెర చూడరు. అర సెకను ఆగి చూడటం నాన్నకి అలవాటు చేయడానికి నాకు రెండు వారాలు పట్టింది.

తగ్గితే ఏ దారిలో వేయాలంటే:

స్టేషన్లు, ఫెర్రీ రేవులు, చాలా లైట్ రైల్ స్టాపుల్లో మిషన్లున్నాయి. తెర కింద కార్డు పెట్టే చోట కార్డుని ఉంచి, మొత్తం ఎంచుకుని, డబ్బు కట్టి, "అయిపోయింది" అని తెర మీద వచ్చేదాకా కార్డు కదపకండి. మధ్యలో తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని మిషన్లు నోట్లు, చిల్లర తీసుకుంటాయి, కొన్ని బ్యాంకు కార్డులు మాత్రమే. మిషను మీదే రాసి ఉంటుంది.

కొన్న షాపుల్లోనే డబ్బులూ వేయించుకోవచ్చు. ఇంటి దగ్గర బస్ స్టాప్ తప్ప స్టేషన్ లేనివాళ్లకి ఇదే ఆధారం.

మూడోది ఓపల్ ట్రావెల్ యాప్, లేదా వెబ్‌సైట్. కార్డు వెనక 16 అంకెల నంబరు, దాని పక్కన 4 అంకెల సెక్యూరిటీ కోడ్ ఉంటాయి. అవి కొడితే డబ్బులు వేయొచ్చు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఓపల్ డబ్బు లెక్క కార్డులోని చిప్‌లోనే ఉంటుంది. మీరు సోఫాలో కూర్చుని యాప్‌లో వేసిన డబ్బు ఆ క్షణానే చిప్‌లోకి దూకదు. ఆ సమాచారం రీడర్లకి చేరాలి, తర్వాత మీరు కార్డు పెట్టినప్పుడు లోపలికి ఎక్కుతుంది. ఒక్కోసారి గంట దాకా పట్టొచ్చు. ప్లాట్‌ఫారం మీద ట్రైన్ వస్తుండగా యాప్ తెరిచి వేస్తే ఉపయోగం లేదు. అప్పుడు మిషనే దిక్కు. యాప్‌తో వేసేటట్లయితే రాత్రి పడుకునే ముందు వేసేయండి.

6. అమ్మానాన్నల కార్డులకి నేను చేసిన ఏర్పాటు

ఇది నాకు బాగా పనికొచ్చిన చిట్కా. వాళ్లు విమానం ఎక్కకముందే రెండు నల్ల కార్డులు కొని, రెండింటినీ నా ఓపల్ అకౌంట్‌లో రిజిస్టర్ చేశాను. ఆటో టాప్ అప్ పెట్టాను. బ్యాలెన్స్ 10 డాలర్ల కంటే తగ్గగానే మనం చెప్పిన మొత్తం నా బ్యాంకు కార్డు నుంచి దానంతట అదే పడుతుంది. ఇక "డబ్బులున్నాయా" అన్న టెన్షన్ ఎవరికీ లేదు. కార్డుల మీద మార్కర్‌తో ఒకదానికి 'అ', రెండోదానికి 'నా' అని రాశాను. లేకపోతే రోజూ మారిపోయేవి.

రిజిస్టర్ చేయడంలో ఇంకో లాభం ఉంది. కార్డు పోతే అకౌంట్‌లోకి వెళ్లి ఆపించి, మిగిలిన డబ్బుని వేరే కార్డుకి మార్చుకోవచ్చు. రిజిస్టర్ చేయని కార్డు పోతే డబ్బూ పోయినట్టే. ఆటో టాప్ అప్ ఉన్న కార్డు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే ఆపించండి. నెట్ లేకపోతే 13 67 25కి ఫోన్ చేయొచ్చు.

7. ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లకి

టెర్మినల్ షాపుల్లో ఓపల్ కార్డు దొరుకుతుంది. కానీ అక్కడ కొత్త కార్డులో వేయించాల్సిన కనీస మొత్తం బయటి షాపుల కంటే ఎక్కువ. కారణం, ఎయిర్‌పోర్టు స్టేషన్లలో మామూలు ఛార్జీ మీద విడిగా పడే స్టేషన్ ఫీజు. పెద్దవాళ్లకి ఆ ఒక్కటే 17 డాలర్ల పైన. అది తెలియక "పది డాలర్లే అన్నారు కదా" అని కౌంటర్లో వాదించేవాళ్లని చూశాను.

సామాను తక్కువైతే టెర్మినల్ బయట 420 నంబర్ బస్సెక్కి మాస్కట్ స్టేషన్లో దిగి, అక్కడ ట్రైన్ పట్టుకోవచ్చు. ఆ ఫీజు తప్పుతుంది. మన అమ్మలు తెచ్చే ఆవకాయ జాడీలు, ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు రెండేసి ఉంటే మాత్రం ఈ సలహా పక్కన పెట్టేయండి, కారులో వెళ్లి తెచ్చుకోండి.

8. వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి

ఎక్కేటప్పుడు పెట్టినట్టే దిగేటప్పుడూ కార్డు పెట్టాలి. బస్సులో మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. దిగేటప్పుడు పెట్టకపోతే ఎంత దూరం వెళ్లారో సిస్టమ్‌కి తెలియదు, గరిష్ఠ ఛార్జీ వేసేస్తుంది.

బ్యాంకు కార్డు వాడేవాళ్లు ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు ప్లాస్టిక్ కార్డు పెట్టకండి. రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా, ఇద్దరు వేరే మనుషుల ప్రయాణంగా లెక్కేసి రెండింటికీ గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. పర్సులో రెండు మూడు కార్డులు కలిపి ఉంచి పర్సు మొత్తాన్ని రీడర్‌కి ఆనించడం కూడా ఇలాంటి చిక్కే.

ఓపల్ పనిచేసేది సిడ్నీ, బ్లూ మౌంటెన్స్, సెంట్రల్ కోస్ట్, న్యూకాసిల్ వైపు హంటర్, వలాంగాంగ్ వైపు ఇల్లవారా ప్రాంతాల్లో. మెల్‌బోర్న్‌లో చుట్టాలింటికి వెళ్తే అక్కడ మైకీ అనే వేరే కార్డు, బ్రిస్బేన్‌లో గో కార్డు. ఓపల్ తీసుకెళ్లి అక్కడ ఎంత రుద్దినా గేటు తెరుచుకోదు.

తిరిగి వెళ్లేటప్పుడు

నల్ల ఓపల్ మీద పేరు ఉండదు, కాబట్టి ఎవరైనా వాడొచ్చు. నాన్నవాళ్లు వెళ్లిపోయాక ఆ రెండు కార్డుల్నీ ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బాలో పడేశాను. ఆ తర్వాత బాబాయ్, పిన్ని వాడారు, ఆపైన మా ఆడపడుచు. ఇప్పుడు 'నా' కార్డులో ఆరు డాలర్ల చిల్లర ఉంది, 'అ' కార్డు మీద మార్కర్ రాత సగం చెరిగిపోయింది. వచ్చే నెల అమ్మ ఒక్కతే వస్తోంది. ఫోన్లో మొదటి ప్రశ్న, "నా కార్డు ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా?"