మొఘల్ జంతుచిత్రం, 5వ పాఠం: జీబ్రా చారల అంచులు

పోయిన పాఠంలో చాలామంది అడుగుపూత దగ్గరే ఆగిపోయారు. కొందరికి తెలుపు నెర్రెలిచ్చింది, ఇంకొందరికి వేలికి పొడి అంటుకుంది. చారలు మొదలుపెట్టే ముందు దీన్ని సరిచేసుకోవాలి. పొడి అంటిందంటే తుమ్మజిగురు చాలలేదు. నెర్రెలిచ్చిందంటే జిగురు ఎక్కువైంది, లేదా పూత మందమైంది. ఏదైనా సరే, తడి కుంచెతో ఆ పూత తీసేసి మళ్లీ వేయండి. దానిమీదే ఇంకో పూత వేసి కప్పితే కింది పొర కరిగి రెండూ కలిసి లేస్తాయి. పలుచగా మూడు పూతలు చాలు. ప్రతి పూతా బాగా ఆరాక బొమ్మను గాజుపలక మీద బోర్లించి, వెనకవైపు అగేట్ రాయితో రుద్దండి.

ఖాకా, అంటే బొమ్మ గీతల నకలు, దించడం మీకు వచ్చిందే. నేరుగా చారల్లోకి వెళ్దాం.

మన నమూనా మొఘల్ చక్రవర్తి జహంగీర్ కొలువు చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ 1621లో చిత్రించిన జీబ్రా. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అబిసీనియా (నేటి ఇథియోపియా) నుంచి వచ్చిన ఆ జంతువుకి ఎవరైనా రంగు పూశారేమోనని జహంగీర్ కొలువులో అనుమానించి, పరీక్షించి చూశారు. మీ బొమ్మ చూసినవాళ్లకూ ఆ అనుమానం రాకూడదు. వస్తే తప్పు చార అంచుదే.

చారను గీతలా గీసి లోపల నలుపు నింపడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చార వెంట్రుకలతో ఏర్పడుతుంది. ఒంటిమీద చార నిలువుగా దిగుతుంది, వెంట్రుక మాత్రం తలవైపు నుంచి తోకవైపు వాలుతుంది. కాబట్టి కుంచె చారకు అడ్డంగా నడవాలి. చార వెనక అంచులో నల్ల వెంట్రుకలు తెలుపు మీదికి వస్తాయి, ముందు అంచులో తెల్ల వెంట్రుకలు నలుపు మీదికి వస్తాయి. రెండంచులూ ఒకేలా ఉన్నాయంటే వెంట్రుక దిశ మరిచిపోయారన్నమాటే. కాళ్లమీద చార అడ్డం, వెంట్రుక కిందికి. అక్కడ నలుపు కింది అంచు దాటుతుంది. జూలులో వెంట్రుక పైకి నిలుస్తుంది, మెడచారలు అందులోకి కొనసాగుతాయి.

దీపపు మసి ఒక్కటే వాడితే నలుపు జీవం లేకుండా ఉంటుంది. కాస్త జేగురు (ఎర్రమట్టి రంగు) కలపండి. కుంచె విషయంలో, మూడు సున్నాల (000 నంబరు) కుంచె కన్నా మొన చెడని 1వ నంబరుదే నాకిష్టం: చిన్నది రంగు నిలుపుకోలేక గీత మధ్యలోనే ఆరిపోతుంది. ముంచాక గుడ్డమీద ఒకసారి ఒత్తండి.

అభ్యాసం: 4 సెం.మీ. చదరంలో మూడు చారలు, ఒక్క వెంట్రుక కూడా 3 మి.మీ. మించకుండా. తర్వాత కాగితాన్ని తిప్పి అదే చదరం కాలి చారలతో వేయండి. రెండూ కుదిరాకే ఖాకా ముట్టుకోండి.