డాష్‌క్యామ్ (కారు ముందు అద్దానికి పెట్టే రికార్డింగ్ కెమెరా) బిగించే ముందు ఇవి చూసుకోండి

ముందుగా కారు ముందు అద్దం పక్కనున్న పిల్లర్ (నిలువు స్తంభం) చూడండి. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని ఉంటే లోపల కర్టెన్ బ్యాగు (గుద్దుకున్నప్పుడు పక్క కిటికీల మీదుగా పరదాలా తెరుచుకునే గాలి సంచి) ఉన్నట్టే. కెమెరా వైరు ఆ బ్యాగు ముందు నుంచి అస్సలు పోవద్దు. బ్యాగు వెనక, కారు వైర్ల గుత్తితో కలిపి టై కట్టి దింపాలి. బ్యాగు తెరుచుకునేటప్పుడు వైరు అడ్డొస్తే ప్రాణం మీదికొస్తుంది. చేతకాదనిపిస్తే ఈ ఒక్కటైనా కార్ ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

కెమెరాకు కరెంటు తీసుకునేందుకు ఫ్యూజు బాక్సు ముట్టే ముందు కారు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే బ్రేకు వ్యవస్థ) ఫ్యూజుల జోలికి పోవద్దు.

మన వరంగల్‌లో మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. హన్మకొండ చౌరస్తాలో ఎండకు ఆపిన కారు అద్దం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అందుకే లిథియం బ్యాటరీది కాకుండా సూపర్ కెపాసిటర్ (బ్యాటరీ బదులు కరెంటు దాచే, వేడిని బాగా తట్టుకునే భాగం) ఉన్న కెమెరానే తీసుకోండి. కెమెరా స్టిక్కర్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు, అద్దం శుభ్రంగా తుడిచి అంటించండి.

పిల్లర్ కవర్ క్లిప్పులు తిరిగి బిగించకముందే ఒకసారి ఆన్ చేసి రికార్డింగ్ చూసుకోండి.