ముందు డాబా ఎక్కండి, చెరువు తర్వాత

"పక్షుల్ని చూడటం మొదలుపెడదామనుకుంటున్నా, బైనాక్యులర్స్ ఏవి కొనాలి?" అని మా కాలేజీలో ఇప్పటికి ఆరుగురు అడిగారు. ఆరుగురికీ ఒకటే చెప్పాను. ఇప్పుడే ఏమీ కొనకండి, రేపు పొద్దున్నే డాబా ఎక్కి వాటర్ ట్యాంకు పక్కన అరగంట కూర్చోండి. ఇద్దరే ఎక్కారు. మిగతా నలుగురు ఇంకా ఆన్‌లైన్‌లో బైనాక్యులర్స్ రేట్లు చూస్తూనే ఉన్నారు.

నేను డాబా ఎక్కింది మాత్రం పక్షుల కోసం కాదు. ఇంటర్ పరీక్షలయ్యాక రిజల్ట్స్ టెన్షన్‌తో ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, మా నాయనమ్మ చూడలేక వడియాలకు కాపలా పెట్టింది. హైదరాబాద్ చందానగర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది. చేతిలో కర్ర, ఎదురుగా కాకులు. రెండు రోజులకే కాకులు కాక ఇంకేం వస్తున్నాయో చూడటం అలవాటైంది. ఎక్కడో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు పొద్దంతా టుక్ టుక్ టుక్ అని వినిపించేది. పక్క సైట్‌లో పని నడుస్తోందనుకున్నాను. అది కాపర్‌స్మిత్ బార్బెట్ అని, పిడికెడంత పచ్చ పిట్ట అని, వీధి చివరి రావి చెట్టు కొసన కూర్చుని అరుస్తోందని తెలియడానికి వారం పట్టింది. ఆ నెలలో మా డాబా లెక్క 19 రకాలు.

కొత్తవాళ్లందరం చేసే తప్పు రంగుతో మొదలుపెట్టడం. "నీలం రంగు పిట్ట" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఎండ పడితే ఒక రంగు, నీడలో ఇంకో రంగు. ముందు సైజు చూడండి. అందరికీ తెలిసిన కొలబద్దలు మూడున్నాయి: పిచ్చుక, గోరింక, కాకి. పిచ్చుక కంటే చిన్నదా? గోరింకంత ఉందా? తర్వాత ముక్కు, తోక. ఆ తర్వాత అది చేసే పని. తీగ మీంచి ఎగిరి గాల్లోనే పురుగును పట్టుకుని మళ్లీ అదే తీగ మీదకు వస్తోందా? నేల మీద నడుస్తోందా, గెంతుతోందా? తోక ఊపుతోందా? రంగు చివర్లో రాసుకోండి.

రంగును నమ్మి నేను బాగానే మోసపోయాను. మందార కుండీ దగ్గరకు నల్లగా, ఎండలో నీలంగా మెరిసే తేనెపిట్ట వచ్చేది. కొన్ని నెలల తర్వాత నల్లది కనిపించకుండా పోయి, పసుపు పొట్ట మీద మధ్యలో నల్ల గీతతో ఇంకోటి వచ్చింది. కొత్త రకమని సంబరంగా రాసుకున్నాను. రెండూ ఒకటేనట! మగ పర్పుల్ సన్‌బర్డ్ జతకట్టే కాలం అయిపోయాక ఆ నల్ల కోటు విప్పేస్తుంది. ఆడ కోయిల ఇంకా విచిత్రం. ఒళ్లంతా గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు. మా బిల్డింగ్‌లో అది కోయిలని చెబితే ఇప్పటికీ ఒక్కరూ నమ్మరు.

పేర్లు రెండు భాషల్లోనూ రాసుకోండి. యాప్‌కి ఇంగ్లీషు పేరు కావాలి, ఊళ్లో అడగాలంటే తెలుగు పేరు కావాలి. రెడ్ వెంటెడ్ బుల్‌బుల్ అంటే మా నాయనమ్మకు తెలియదు, పికిలి పిట్ట అంటే అది గూడు ఎక్కడ కడుతుందో కూడా చెబుతుంది. జెముడు కాకి, గిజిగాడు, లకుముకి పిట్ట, ఇవన్నీ నాకు ఆమె చెప్పినవే.

ఇరవై పక్షులు గుర్తుపట్టడం వచ్చాక బైనాక్యులర్స్ కొనండి. 8x42 తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 20 రెట్లని ఊరించేవి వద్దు, చేయి కాస్త వణికినా బొమ్మంతా ఊగిపోతుంది. కొన్నాక కుడి కన్ను దగ్గరున్న రింగు సరిచేసుకోవాలి. కుడివైపు అద్దం మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డుని మధ్య చక్రం తిప్పి స్పష్టంగా తెచ్చుకోండి. తర్వాత ఎడమవైపు మూసి, చక్రం ముట్టకుండా కుడి రింగు మాత్రమే తిప్పండి. ఇది తెలియక నేను రెండు నెలలు తలనొప్పి తెచ్చుకున్నాను. ఇంకోటి, పిట్ట కనిపించాక కళ్లు దాని మీంచి తీయకుండా బైనాక్యులర్స్‌నే కళ్ల దగ్గరకు తేవాలి. తల దించారో, అది పోయినట్టే.

ఇక చెరువు. మాకు దగ్గరిది అమీన్‌పూర్. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా అక్టోబరు నుంచి మార్చి వరకు వలస పక్షులు వస్తూనే ఉన్నాయి. పొద్దున వెళ్తే సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. నేను మొదటిసారి ఎండకు ఎదురుగా నిలబడ్డాను. నీటి మీద నల్లగా తేలుతున్నవన్నీ వలస బాతులనుకుని 'కామన్ పోచార్డ్ 300' అని, చూసిన పక్షుల లెక్క నమోదు చేసే ఈబర్డ్‌లో ఎక్కించేశాను. మూడు రోజులకు, లెక్కల్ని సరిచూసే వాలంటీర్ ఒకరు మెయిల్ పెట్టారు. ఫోటో ఏమైనా ఉందా అని చాలా మర్యాదగా అడిగారు. మరుసటి ఆదివారం ఇవతలి గట్టు నుంచి చూస్తే ప్రతిదానికీ నుదుటన తెల్ల నామం! అన్నీ కూట్ అనే నల్ల నీటి పక్షులే.

చెరువు నిండుగా ఉన్నప్పుడే పక్షులెక్కువ ఉంటాయనుకోకండి. అంచున బురద తేలితేనే ఉల్లంకుల్లాంటి పొడుగు ముక్కువాటికి మేత. నీళ్లు కాస్త తగ్గాక వెళ్లండి. గట్టున నడిచేటప్పుడు తీతువు నెత్తి మీద తిరుగుతూ అరిస్తే అక్కడే ఆగి కాళ్ల కింద చూసుకోండి. దాని గుడ్లు ఉత్త నేల మీదే, గులకరాళ్ల మధ్య, రాళ్లలాగే ఉంటాయి. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. తీతువు కూస్తే ఎవరికో మూడిందని నాయనమ్మ అనేది. మూడేది దాని గుడ్లకే, అదీ మన చెప్పుల వల్ల.

ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలిచేవాళ్లు కనిపిస్తారు. ఆ పని మాత్రం చేయకండి. తన చోటికి ఇంకో మగది వచ్చిందనుకుని అది మేత మానేసి కొట్లాటకు దిగుతుంది. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ వాడుకోవచ్చు గానీ, కంటితో చూడకుండా దాని మాట రాసుకోవద్దు. ఒకసారి నాకది షిక్రా, అంటే చిన్న డేగ, అని చూపించింది. తలెత్తితే తీగ మీద రెండు పాయల తోకతో నల్ల డ్రాంగో, డేగ గొంతుతో గోరింకల్ని బెదరగొడుతోంది.

దసరాకి పాలపిట్టను చూడాలంటే పంజరంలో పెట్టి తెచ్చేవాడికి డబ్బులివ్వకండి. రెక్కలు కట్టేసి తెస్తారు, చాలావరకు బతకవు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడమే నేరం. దాని బదులు చేవెళ్ల వైపు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. పొలాల పక్క కరెంటు తీగలు చూస్తూ పోండి. కూర్చున్నప్పుడు మట్టిరంగు రొమ్ముతో మామూలుగానే ఉంటుంది. రెక్క విప్పిందా, బస్సులో పక్క సీటువాళ్లని లేపేస్తారు.

ఈబర్డ్‌లో రాసేటప్పుడు మొదలుపెట్టిన టైమ్, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఒక్కోటి ఎన్ని అన్నవి వేయాలి. గద్దలు, కాకులు కూడా. ఒంటరిగా బోర్ కొడితే డెక్కన్ బర్డర్స్, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ నడకలకు వెళ్లండి. నాలుగు నడకలు చాలు, ఆరు నెలల తికమక తగ్గుతుంది.

మొన్న క్లాసులో ఉండగా నాయనమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, ట్యాంకు మీద ఏదో కూసున్నది. పావురమంత ఉన్నది. ముక్కు వంకర, కండ్లు ఎర్రగున్నయ్, రొమ్ము మీద అడ్డం గీతలు." షిక్రా అయ్యుంటుందని చెప్పి, వడియాలు జాగ్రత్త అన్నాను.

"వడియాలు దానికెందుకురా, పిచ్చుకల దిక్కే చూస్తున్నది" అంది.